మాటుంగాలో 1938 నాటి వన్ బీహెచ్‌కే: రెండు వానాకాలాలు గడిచాక నా రివ్యూ

కొని రెండు వానాకాలాలు అయింది కాబట్టి ఇప్పుడు రాస్తున్నా. ముంబైలో ఇల్లు కొన్న నెలకే సూపర్ అని రాసేవాళ్ళ మాట నమ్మకండి, ఇక్కడ ఇంటి అసలు గుణం జులైలో బయటపడుతుంది.

సరుకు వివరాలు ముందు చెప్పేస్తా. మాటుంగా ఈస్ట్, కింగ్స్ సర్కిల్ నుంచి నడిచి అయిదు నిమిషాలు, 1938లో కట్టిన గ్రౌండ్ ప్లస్ త్రీ బిల్డింగ్, మాది రెండో అంతస్తు. కార్పెట్ ఏరియా, అంటే గోడల లోపలి నేల, 410 చదరపు అడుగులు. లిఫ్ట్ లేదు, పార్కింగ్ లేదు, వాచ్‌మన్ ఉన్నాడు కానీ మధ్యాహ్నం పూట ఉన్నట్టా లేనట్టా అన్నది తేలదు. కోటి డెబ్బై అయిదు లక్షలు. అవును, సరిగ్గానే చదివారు. ఈ డబ్బుతో హైదరాబాద్‌లో త్రీ బీహెచ్‌కే, క్లబ్‌హౌసు, ఈత కొలను వచ్చేవి కదా బావా అని మా బావమరిది ఫోన్ చేసిన ప్రతిసారీ అంటాడు, వాడి మాటలో తప్పేం లేదు, కాకపోతే నా ఉద్యోగం ఫోర్ట్‌లో, మా ఆవిడ ఉద్యోగం పరేల్‌లో, ఈత కొలను వేసుకుని నేనేం చేస్కోను.

అంతకు ముందు తొమ్మిదేళ్ళు థానే అవతల ఘోడ్‌బందర్ రోడ్డులో అద్దెకున్నాం, ఇరవై రెండో అంతస్తు, గాలి వెలుతురు బ్రహ్మాండం, పోను రాను రోజుకి మూడు గంటలు రోడ్డు మీదా రైల్లోనూ. పిల్ల ఎదిగిపోతోంది, నేను ఆదివారం తప్ప దాని మొహం సరిగ్గా చూసింది లేదు. సరే సిటీలోనే చిన్నదైనా కొందాం అని తిరగడం మొదలెట్టాం, దాదర్, వడాలా, సయన్ అన్నీ చూసి చివరికి మాటుంగా దగ్గర ఆగాం.

ఎందుకు ఆగామంటే ఈ ఏరియా కట్టిన తీరు వేరు. 1896లో బొంబాయికి ప్లేగు వచ్చింది, ఇరుకు సందుల్లో జనం పిట్టల్లా రాలిపోయారు, దాంతో 1898లో ఇంప్రూవ్‌మెంట్ ట్రస్ట్ అని పెట్టి దాదర్, మాటుంగా వైపు ఖాళీ భూముల్లో ప్లాన్ గీసి రోడ్లేశారు. వెడల్పు రోడ్లు, రోడ్డు పక్క చెట్లు, బిల్డింగ్‌కీ బిల్డింగ్‌కీ మధ్య ఖాళీ, ఫైవ్ గార్డెన్స్ అని అయిదు పార్కులు. గాలి ఆడాలి అని భయపడి కట్టిన పేట ఇది. ఆ భయం పుణ్యమా అని ఇవాళ మా పడకగది కిటికీ తెరిస్తే పక్కింటి గోడకి బదులు చెట్టు కనిపిస్తుంది. ముంబైలో ఉన్నవాళ్ళకి ఈ మాట విలువ తెలుస్తుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా, ఇక్కడ పాత ఫ్లాట్ అంటే రెండు రకాలు, ఓనర్‌షిప్, పగడీ. మనవాళ్ళు చాలామందికి పగడీ అంటే తెలీదు, నాకూ తెలీదు. బ్రోకర్ మొదట చూపించిన ఇల్లు మాదానికంటే పెద్దది, మాదానికంటే నలభై లక్షలు తక్కువ, నాకు ఒళ్ళు పులకరించింది. నెల అద్దె నాలుగు వందల చిల్లర మాత్రమే సార్ అన్నాడు మధ్యలో. కొనే ఇంటికి అద్దె ఏందయ్యా అంటే నవ్వి ఊరుకున్నాడు. విషయం ఏంటంటే 1947 నాటి అద్దె చట్టంతో ఇక్కడి అద్దెల్ని 1940 నాటి లెక్కకి కట్టేశారు, అద్దె పెరగదు కాబట్టి ఓనర్ రిపేర్లు మానేశాడు, అద్దెకున్నాయన ఖాళీ చెయ్యడు, చేస్తే పెద్ద మొత్తం తీసుకుని ఇంకొకడికి అద్దె హక్కు అప్పజెప్తాడు, అందులో ఓనర్‌కి మూడో వంతు దాకా వాటా పోతుంది. అదే పగడీ. అంటే కోటి పైన పోసి మనం కొనేది అద్దెకుండే హక్కు. 1999 చట్టం వచ్చాక ఈ లావాదేవీ చట్టబద్ధమే, అందులో మోసం ఏమీ లేదు, తరాలుగా అలాగే ఉంటున్న మంచి కుటుంబాలు బోలెడు. కానీ బ్యాంకు లోన్ రాదు, రిపేర్ చెయ్యాలంటే ఓనర్ మాట వినాలి. లోన్ మీద కొనేవాళ్ళు బ్రోకర్ నోట్లోంచి అద్దె అనే మాట వచ్చిన క్షణమే చెప్పులేస్కోండి.

మా బిల్డింగ్ కూడా ఒకప్పుడు అద్దె బిల్డింగే, డెబ్బైల్లో ఓనర్ విసిగిపోయి అద్దెకున్నవాళ్ళకే అమ్మేశాడు, వాళ్ళంతా కలిసి కోఆపరేటివ్ సొసైటీ పెట్టుకున్నారు. అందుకని మాకు వచ్చింది షేర్ సర్టిఫికెట్. ఈ కాగితం గురించి కాస్త చెప్పాలి. పసుపు పచ్చబడిన అట్టముక్క, మీద అయిదు షేర్లు, ఒక్కోటి 50 రూపాయలు, మొత్తం రెండు వందల యాభై అని ఉంటుంది. కోటీ డెబ్బై అయిదు లక్షల ఇంటికి ఆధారం ఆ రెండు వందల యాభై రూపాయల కాగితం. వెనక్కి తిప్పితే ఎవరి దగ్గర్నుంచి ఎవరికి మారిందో వరసగా రాసి ఉంటుంది, మొదటి రెండు పేర్లు ఫౌంటెన్ పెన్నుతో గుండ్రటి చేతిరాత, మూడోది బాల్‌పెన్ను, తర్వాత మా ఆవిడ పేరు. మా లాయర్ ఆ వెనక పేజీ మీద ఒక పూటంతా కూర్చున్నాడు, మధ్యలో తండ్రి పోయి కొడుకు పేరుకి మారినప్పుడు చెల్లెలి దగ్గర రిలీజ్ డీడ్, అంటే తన వాటా వదులుకుంటున్నానన్న పత్రం, రాయించుకున్నారా లేదా అని. రాయించుకోలేదు. ఆ ఒక్క కాగితం కోసం పుణెలో ఉన్న ఆమెని ఒప్పించి రిజిస్టర్ చేయించుకునేసరికి రెండున్నర నెలలు పోయింది, బ్రోకర్ మాత్రం అంతసేపూ అదేం పర్లేదు సార్, ఇక్కడ అందరూ ఇలాగే కొంటారు సార్ అనే అన్నాడు.

ఒక బ్యాంకు బిల్డింగ్ వయసు చూసి లోన్ ఇవ్వనంది, ఇంకో బ్యాంకు స్ట్రక్చరల్ ఆడిట్, అంటే బిల్డింగ్ ఎంత గట్టిగా ఉందో చూసే తనిఖీ, రిపోర్ట్ చూపిస్తే చూద్దాం అంది. ముప్ఫై ఏళ్ళు దాటిన బిల్డింగులకి ఆ ఆడిట్ చేయించాలని బీఎంసీ, అంటే ముంబై మున్సిపాలిటీ, రూలే ఉంది, అందులో గ్రేడ్లుంటాయి, సీ1 అంటే ఖాళీ చేసి కూల్చాల్సిందే, సీ2 అంటే పెద్ద రిపేర్లు, సీ3 అంటే చిన్న రిపేర్లు. మాది సీ3. ఈ ఒక్క అక్షరం, అంకె చూడకుండా పాత ఇంట్లో టైల్స్ బాగున్నాయి, కిటికీలు బాగున్నాయి అని మురిసిపోవద్దు. ఇక రిజిస్ట్రేషన్ సంగతి, మహారాష్ట్రలో ఆడవాళ్ళు ఒక్కరి పేరు మీదే కొంటే స్టాంప్ డ్యూటీలో ఒక శాతం తగ్గుతుంది, ముంబైలో ఆరుకి బదులు అయిదు. మాకు లక్షా డెబ్బై అయిదు వేలు మిగిలింది. రిజిస్ట్రేషన్ ఫీజు 30,000 దాటదు. ఫ్లాటు చేతులు మారినప్పుడు సొసైటీ తీసుకునే ట్రాన్స్‌ఫర్ ప్రీమియం కూడా 25,000 దాటకూడదని రూల్, మా కమిటీ పెద్దమనిషి బిల్డింగ్ ఫండ్‌కి ఏదైనా స్వచ్ఛందంగా ఇవ్వండి అని నవ్వుతూ ఒక అంకె చెప్పాడు, స్వచ్ఛందం అన్నాక అంకె మీరెలా చెప్తారండీ అని నేనూ నవ్వుతూ అడిగా. రెండు నెలలు పలకలేదు, ఇప్పుడు బానే ఉంటాం.

ఇంకో లాభం ఎవరూ చెప్పరు, ముంబైలో 500 చదరపు అడుగుల లోపు ఇళ్ళకి 2022 నుంచి ప్రాపర్టీ ట్యాక్స్ మాఫీ. చిన్న ఇల్లు కొన్నందుకు దేవుడు ఇచ్చిన ప్రసాదం అనుకున్నా.

ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు ఏం చూడాలో మా ఇంజనీర్ దగ్గర నేర్చుకున్నా. ఆయన లోపలికి వచ్చి గోడలు చూళ్ళేదు, జేబులోంచి చిన్న సుత్తి తీసి స్లాబు కింద, దూలాల కింద టక్ టక్ మని కొట్టుకుంటూ పోయాడు, ఖంగుమంటే పర్లేదు, బోలుగా మోగిన చోటల్లా చాక్‌పీసుతో గుండ్రంగా గీశాడు. లోపల ఇనుము తుప్పు పట్టి ఉబ్బితే పైన సిమెంటు విడిపోయి బోలుగా మోగుతుంది, కొన్నాళ్ళకి పెచ్చులూడిపోతుంది, సముద్రం ఊళ్ళో ఉప్పు గాలికి ఇది ఇంకా ఎక్కువ. దూలం కింద పొడుగ్గా, ఇనుప కడ్డీ వెంబడే పోయే సన్న పగులు కనిపిస్తే జాగ్రత్త, ప్లాస్టర్ మీద అడ్డదిడ్డంగా ఉండే వెంట్రుక పగుళ్ళకి భయపడక్కర్లేదు. మా ఇంట్లో పదకొండు సున్నాలు గీశాడు, అందులో ఏడు వంటగది, బాత్రూం కిందే. ఆ పదకొండు సున్నాల ఫొటోలు చూపించి ధరలో ఆరు లక్షలు తగ్గించాం. సుత్తి నలభై రూపాయలు ఉంటుందేమో.

రిపేర్లకి మొత్తం పద్నాలుగు లక్షలు అయింది. వైరింగ్ అంతా పీకేశాం, గోడ మీద చెక్క పట్టీల వెంబడి బట్ట చుట్టిన పాత వైరు ఒక గదిలో ఇంకా కరెంటుతో ఉంది, ఎలక్ట్రీషియన్ ముట్టుకోడానికి భయపడ్డాడు. నీళ్ళ పైపులు కోస్తే లోపల తుప్పు పేరుకుని చిటికెన వేలు దూరేంత సందు మిగిలింది, అందుకే షవర్ అలా ఏడుస్తూ వచ్చేది. హాల్లో వెనకటి ఓనరు వేయించిన తెల్ల టైల్స్ తీయిస్తే కింద పాత సిమెంటు డిజైన్ టైల్స్ బయటపడ్డాయి, ఎరుపు, బూడిద రంగు, అంచుకి చిన్న పువ్వుల వరస. మా ఆవిడ ఆ రోజు పని ఆపేయించి తనే స్క్రబ్బర్ పట్టుకుని కూర్చుంది. పదమూడు పగిలున్నాయి, ఇలాంటివి 1922 నుంచి చేస్తున్న భారత్ ఫ్లోరింగ్స్ అండ్ టైల్స్ వాళ్ళు ఇప్పటికీ పాత డిజైన్లు పోస్తారు, రంగు పూర్తిగా కలవలేదు కానీ సోఫా కింద పెట్టేశాం.

ఎత్తు పదకొండు అడుగులు. 410 అడుగులు అని విని జాలిపడేవాళ్ళకి ఇది అర్థం కాదు, నేల తక్కువే కానీ తల మీద బోల్డంత చోటు ఉంది. వంటగది మీదా బాత్రూం మీదా అటక, ఇక్కడోళ్ళు మాళా అంటారు, మా ఘోడ్‌బందర్ ఇంటి సామానులో సగం అక్కడే ఉంది, మిగతా సగం అసలు అవసరమే లేదని ఇక్కడికి వచ్చాకే తెలిసింది. వంటింటి మూలలో చిన్న గట్టు కట్టి అంట్లు తోముకునే చోటుంది, దాన్ని మోరీ అంటారు, తెలంగాణలో మోరీ అంటే మురిక్కాలువ, కరీంనగర్ ఫ్రెండు ఒకడొచ్చి ఇంట్లో మోరీ ఏందిరా నాయనా అని పడీ పడీ నవ్వాడు.

మా నాయన ఊరి నుంచి వచ్చిన రోజు మాత్రం మర్చిపోలేను. మాది కడప జిల్లా, ఎర్రగుంట్ల దగ్గర, బండల పాలిష్ ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళు చేసినాడాయన. రెండంతస్తులు మెట్లెక్కి రొప్పుకుంటా వచ్చి, ఇల్లంతా ఒక చుట్టు చుట్టి, చుట్టడానికి అర నిమిషం పట్టింది, "ఏందబ్బయ్యా, ఇంత దుడ్డు పోసి ఈ పాత కొంప కొంటివా" అన్నాడు. నేనేం మాట్లాడలా. వంటగదిలోకి పోయి నీళ్ళు తాగుతా గట్టు మీద చెయ్యి పెట్టాడు, నల్ల బండ, ఎనభై ఏళ్ళు రుద్ది రుద్ది అద్దంలా అయింది, మేం మార్చలేదు. బొటనవేలితో అంచు తడిమి, వంగి పక్క నుంచి చూసి, "ఇది మన బండ రా" అన్నాడు. ఇక్కడ మేస్త్రీలు దాన్ని కడప్పా అనే పిలుస్తారు నాయనా, ముంబైలో అంతా అదే మాట, వంటింటి గట్టుకీ అరలకీ కడప్పా వేయించారా అని అడుగుతారు, సగం మందికి అది ఊరు పేరని కూడా తెలీదు అని చెప్పా. చాలాసేపు ఏం మాట్లాడలేదు. సాయంత్రం కింద వాచ్‌మన్‌కి వచ్చీరాని హిందీలో కడప యాడుందో చెప్తా కనిపించాడు. మర్నాడు బజారుకి పోయొచ్చి, ఇక్కడ తెలంగ్ రోడ్డు అని ఉంది, మనోళ్ళదేమో కనుక్కో అన్నాడు.

ఇప్పుడు చేదు కూడా చెప్పాలి. మొదటి జులై, రాత్రి రెండింటికి మంచం మీద టప్పున నీళ్ళు పడ్డాయి. బకెట్ పెట్టుకుని పడుకున్నాం. పైన ఉండేది డెబ్బై దాటిన తమిళ మామీ, ఒక్కతే ఉంటుంది, నా బాత్రూం బానే ఉంది, అది వాన నీళ్ళే, సొసైటీని అడుగు అంటుంది. సొసైటీని అడిగితే అది పై బాత్రూందే, మామీని అడుగు అంటారు. ఇక్కడి బైలాస్, అంటే సొసైటీ నిబంధనల ప్రకారం టెర్రస్, బయటి గోడలు, కామన్ పైపుల లీకేజీ సొసైటీ చేయించాలి, ఫ్లాటు లోపలిది ఆ ఫ్లాటు వాళ్ళు చేయించుకోవాలి, కాబట్టి నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి అన్నదే మొత్తం గొడవ. మూడు వారాలు తిరిగా. చివరికి పక్క బిల్డింగ్ ప్లంబర్ ఒకాయన మామీ బాత్రూంలో నీళ్ళు పోయే జాలీ మూసేసి ఎర్ర రంగు కలిపిన నీళ్ళు నిలబెట్టి పోయాడు. రెండో రోజు పొద్దున్న మా పడగ్గది సీలింగ్ మీద అరచేతంత గులాబీ మరక. మామీని కిందకి పిలిచా, ఆవిడ కళ్ళజోడు సర్దుకుని పైకి చూసి, నవ్వేసి, "నాదే" అంది హిందీలో, అంతే, వారంలో పని చేయించింది, ఆ తర్వాత నుంచి ప్రతి శుక్రవారం సుండల్, అదే మన గుగ్గిళ్ళు, వస్తోంది. ఆ మరక మీద ఇంకా పెయింట్ వేయించలేదు, బద్ధకం.

నీళ్ళు పొద్దున్న కొన్ని గంటలే వస్తాయి, కింద సంపు, పైన ట్యాంకు, మోటారు వేసే డ్యూటీ వాచ్‌మన్‌ది, వాడు పండక్కి ఊరెళ్తే మనదే. పెద్ద వాన కురిస్తే కింగ్స్ సర్కిల్, గాంధీ మార్కెట్ దగ్గర మోకాళ్ళ దాకా నీళ్ళు నిలుస్తాయి, ముంబై వానల వార్త టీవీలో వస్తే చూపించే చోట్లలో మాదొకటి, మా అత్తగారు వెంటనే ఫోన్ చేస్తారు. రోడ్డు మునిగినా రెండో అంతస్తు కాబట్టి మాకు ఇబ్బంది లేదు, గ్రౌండ్ ఫ్లోర్ చవగ్గా వస్తోందని ఆశపడేవాళ్ళు మాత్రం పక్కింటోళ్ళని వానాకాలం సంగతి అడిగి కొనండి. వినాయక చవితి అప్పుడు జీఎస్‌బీ (గౌడ సారస్వత బ్రాహ్మణులు) వాళ్ళ గణపతిని చూడ్డానికి వచ్చే జనంతో అయిదు రోజులు వీధి మనది కాదు. ఫ్రిజ్ మెట్ల మీద ఎక్కించడానికి నలుగురు మనుషులు, రెండు వేలు, మలుపు దగ్గర రెయిలింగ్‌కి గీత. కారు ఉన్నవాళ్ళు రావద్దు, నిజంగా చెప్తున్నా, మా ఫ్రెండ్స్ వస్తే కారు ఎక్కడ పెట్టాలో తేల్చుకునే లోపు కాఫీ చల్లారిపోతుంది.

కారు ఎందుకసలు. సెంట్రల్ లైన్‌కి మాటుంగా, హార్బర్‌కి కింగ్స్ సర్కిల్, వెస్ట్రన్‌కి మాటుంగా రోడ్, మూడు స్టేషన్లూ నడిచే దూరంలో. మాటుంగా స్టేషన్ 2017 నుంచి మొత్తం ఆడవాళ్ళే నడుపుతున్నారు, మా అమ్మాయికి అక్కడి టికెట్ చెకర్ మేడం అంటే హీరోయిన్ లెక్క. ఫాస్ట్ లోకల్ ఇక్కడ ఆగదు, దాదర్ వెళ్ళాలి, లేదంటే స్లో ఎక్కి కూర్చోవాలి, పొద్దున్నపూట కూర్చోవాలి అన్నది మాటవరసకి. అయినా నా మూడు గంటలు గంటకి లోపు వచ్చింది. ఆ మిగిలిన రెండు గంటలకి ధర కట్టుకుంటే ఇల్లు చవక అని మా ఆవిడ లెక్క, మా బావమరిదికి ఈ లెక్క ఎక్కదు.

ఇంక వీధి. పొద్దున్న ఆరింటికే మార్కెట్లో అరటాకులు, కరివేపాకు, మల్లెపూల మాలలు, ఫిల్టర్ కాఫీ పొడి మర ఆడించే వాసన. గోంగూర దొరుకుతుంది, అంబాడీ అని అడగాలి, పుల్లదనం మన దానికి సగం. ఉగాది, గుడీ పాడ్వా ఒకే రోజు కాబట్టి మామిడాకులకీ వేపపూతకీ వెతుక్కోక్కర్లేదు. టిఫిన్ సంగతి చెప్పేదేముంది, కెఫే మద్రాస్, రామ్ ఆశ్రయ, 1942 నుంచి ఉన్న రామా నాయక్ ఉడిపిలో అరిటాకు భోజనం, ఆదివారం ఎక్కడ చూసినా క్యూ. మేం మంగళవారం పోతాం, లోకల్ కాబట్టి. సాంబారు మాత్రం తీపి, నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు, పచ్చడి సీసా జేబులో పెట్టుకుపోతావా అని మా ఆవిడ కసురుతుంది, ఒకసారి పెట్టుకుపోయా కూడా. తెలుగు మాట ఈ వీధిలో తక్కువే, తమిళం, కచ్చీ, తుళు, కొంకణి ఎక్కువ, మన మీటింగులకీ నాటకాలకీ దాదర్ ఆంధ్ర మహాసభ ఉంది, నడిచి వెళ్ళొచ్చు. అమ్మాయి ఆడుకోడానికి ఫైవ్ గార్డెన్స్. ఇంట్లో ఇద్దరు చుట్టాలు వస్తే మేం కాఫీ తాగడానికి వీధిలోకి పోతాం, చోటు చాలక అన్నది నిజమే, కానీ పోవడానికి వీధి అంటూ ఉంది.

స్టార్లు వెయ్యాలంటే ఇంటికి మూడు, వీధికి అయిదు, బ్రోకర్‌కి సున్నా. అరవై దాటిన తల్లిదండ్రులు కూడా ఉండే కుటుంబానికి లిఫ్ట్ లేని ఇల్లు నేను చెప్పను, మా నాయన రెండో రోజు నుంచే దిగడం తగ్గించేశాడు.

ఇప్పుడు కొత్త తలనొప్పి రీడెవలప్‌మెంట్, అంటే పాత బిల్డింగ్ కూల్చి కొత్తది కట్టడం. ఒక బిల్డర్ మనుషులు ఇరవై అంతస్తుల బొమ్మ పట్టుకుని సొసైటీకి వచ్చి పోయారు, ఇంత చోటుకి అంత చోటు, లిఫ్టు, పార్కింగు, కట్టినన్నాళ్ళూ బయట ఉండటానికి మూడేళ్ళ అద్దె. సగం మంది సై అంటున్నారు, మామీ నేనుండగా కుదరదు అంటోంది, వచ్చే ఆదివారం మీటింగు, నా ఓటు ఏదో నాకే తేలలేదు. నిన్న రాత్రి నాయనకి ఫోన్ చేసి ఏం చెయ్యమంటావ్ అని అడిగా. "కూలగొట్టేదే అయితే ఆ వంటింటి బండ పగలకుండా ఊడదీపియ్, పని తెలిసిన మనిషిని నేను పంపిస్తా" అన్నాడు.